డబ్బుకి డెబ్బై మార్కులు

స్లాబ్ అంటే మనకి తెలిసినంతవరకూ ఇంటి మీద పోసేది. నాణేలు పోగుచేసే వాళ్ళ మాటల్లో మాత్రం అది ఒక ప్లాస్టిక్ పెట్టె. నాణేన్ని అందులో పెట్టి, మళ్ళీ తెరవడానికి వీల్లేకుండా అతికించి, పైన చీటీ మీద 1 నుంచి 70 లోపు ఒక అంకె వేసిస్తారు. ఆ అంకె పేరు గ్రేడు. వేసినందుకు ఫీజు తీసుకుంటారు. ఈ వ్యాపారంలో పెద్ద కంపెనీలు రెండు, రెండూ అమెరికావే. పీసీజీఎస్ 1986లో మొదలైంది, ఎన్‌జీసీ ఆ మరుసటి ఏడు.

ఎక్కడి ఫ్లోరిడా, ఎక్కడి విజయనగరం, వాళ్ళ అంకెతో మనకేం పని అంటారా? పనుంది. మా వైపు నాణేలు పోగుచేసే వాళ్ళు మరీ ఎక్కువమంది లేరు. రిటైరైన మాస్టార్లు, బ్యాంకు ఉద్యోగులు, ఒకరిద్దరు షరాబులు, ఈ మధ్య ఇంజినీరింగ్ చదివే కుర్రాళ్ళు. ఈ పదిమందీ ఒకచోట చేరితే ఒక బిళ్ళ చేతులు మారుతూ తిరిగేది. ఇది ఎవరు వేయించింది? ఏ టంకశాల? ఎక్కడ దొరికింది? ఎంత తూగింది? టీ రెండోసారి వచ్చినా ఆ మాటలు తెమిలేవి కావు. ఇప్పుడు వాట్సాప్‌లో ఫోటో పెట్టగానే వచ్చే మొదటి ప్రశ్న "గ్రేడెంత?". గ్రేడు లేదంటే రెండో ప్రశ్న రాదు.

నేను చెప్పదల్చుకున్నది ఇదే. ఈ కంపెనీలు తమ మార్కెట్ కోసం ఎప్పటికప్పుడు మార్చుకునే రూల్సుని మనం నాణేల శాస్త్రం అనుకుంటున్నాం. ఆ రూల్సుతో చూస్తే ఉత్తరాంధ్రలో ఒక నాణెం బతికిన బతుకంతా "డ్యామేజ్". ఈ తీర్పుని మనం ఒప్పుకోకూడదు.

ముందు ఈ 70 సంగతి చూద్దాం. వందకి మార్కులు వేసే దేశంలో పుట్టిన వాళ్ళకి డెబ్బై ఎందుకో తోచదు. 1949లో విలియం షెల్డన్ అనే ఆయన పాత అమెరికన్ రాగి సెంట్ల మీద పుస్తకం రాస్తూ పెట్టిన లెక్క అది. ముఖ్యంగా 1794 నాటి సెంట్ల ధరలు చూసి పెట్టాడు. ఏ రకమో పోల్చుకోవడానికి మాత్రం వీలుండేంతగా అరిగిపోయిన సెంటు ఒక డాలరైతే, అచ్చు వేసిన రోజు ఎలా ఉందో అలాగే ఉన్న సెంటు 70 డాలర్లు. అంతే సంగతి, అదొక ధరల పట్టిక. ఆ ధరలు తర్వాత తారుమారైపోయాయి, అంకెలు మాత్రం మిగిలిపోయాయి. ఈ షెల్డన్ వృత్తిరీత్యా మనస్తత్వ శాస్త్రవేత్త. మనుషుల ఒళ్ళు కొలిచి వాళ్ళ స్వభావం చెప్పొచ్చని వాదించినవాడు. న్యూయార్క్‌లోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ సేకరణలోంచి మంచి సెంట్లు తీసేసుకుని, వాటి స్థానంలో తన నాసిరకం సెంట్లు పెట్టాడని ఆయన పోయాక బయటపడింది. గ్రేడింగ్ పితామహుడికి ఏ గ్రేడు వేస్తారో మీ ఇష్టం.

ఆ పట్టిక మీద కట్టిన వ్యాపారం ఎన్నిసార్లు మాట మార్చిందో చూడండి. మా గ్రేడింగ్ నిష్పాక్షికం, ఎప్పుడు చూసినా ఒకేలా ఉంటుంది అని పీసీజీఎస్ చేసుకున్న ప్రచారం అతిశయోక్తి అంటూ 1990లోనే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఫిర్యాదు వేసింది. కంపెనీ రాజీకొచ్చింది. తోమినవీ, చిల్లులున్నవీ వెళ్తే మొదట్లో అంకె వేయకుండా మామూలు సంచిలో వెనక్కి పంపేవారు. అక్కడి కలెక్టర్లు దాన్ని "బాడీ బ్యాగ్" అనేవారు, శవాన్ని మోసే సంచి అని. తర్వాత పాలసీ మారింది. వాటినీ పెట్టెలోనే పెట్టి, అంకె బదులు "డీటెయిల్స్" అని రాసి, పక్కన నేరం పేరు వేస్తున్నారు. క్లీన్డ్, హోల్డ్, డ్యామేజ్డ్. రాగి నాణెం రంగు మారితే పూచీ మాదే అని ఒకప్పుడు చెప్పిన పీసీజీఎస్, 2010 నుంచి గ్రేడు చేసే వాటికి ఆ పూచీ తీసేసింది. అదే ఏడాది రెండు కంపెనీలూ అంకె పక్కన ప్లస్ గుర్తు మొదలుపెట్టాయి. దాంతో నిన్నటి 64 ఇవాళ పాతబడింది, 64 ప్లస్ కావాలంటే మళ్ళీ పంపాలి, మళ్ళీ కట్టాలి. నాణెం అదే, దాని మీద గీతలూ అవే. పెట్టె పగలగొట్టి, ఈసారైనా ఒక అంకె పెరుగుతుందేమోనని మళ్ళీ మళ్ళీ పంపడానికి అక్కడ ఒక పేరే ఉంది, క్రాక్‌అవుట్ అని. మన సప్లిమెంటరీ పరీక్షల్లాంటిదే, కాకపోతే ఇక్కడ పాసైన వాళ్ళు కూడా మళ్ళీ రాస్తారు.

ఇంకా ఉంది. వీళ్ళు వేసిన గ్రేడు సరైనదేనా అని చూసి పెట్టె మీద స్టిక్కర్ అంటించడానికి 2007లో సీఏసీ అనే ఇంకో కంపెనీ వచ్చింది. పెట్టింది ఎవరయ్యా అంటే జాన్ అల్బనీస్, పీసీజీఎస్ పెట్టిన వాళ్ళలో ఒకడు, ఎన్‌జీసీని మొదలుపెట్టినవాడు. 2023 నుంచి ఆ సంస్థవాళ్ళు గ్రేడింగ్ కూడా సొంతంగా చేస్తున్నారు. "ఫస్ట్ స్ట్రైక్" అని చీటీ మీద చూస్తే మొదట అచ్చైన నాణెం కాబోలు అనుకుంటాం. దాని అర్థం విడుదలైన తొలి 30 రోజుల్లో వాళ్ళకి చేరిందని! 2021లో పీసీజీఎస్ మాతృసంస్థని పెట్టుబడిదారుల బృందం ఒకటి కొనేసింది, ఎన్‌జీసీ మాతృసంస్థలో పెద్ద వాటా బ్లాక్‌స్టోన్ కొంది. బ్లాక్‌స్టోన్‌కి నాణేల మీద అంత ప్రేమ ఎప్పుడు పుట్టిందో నాకు తెలీదు గానీ, పెట్టిన పెట్టుబడికి లాభం రావాలంటే పెట్టెలు కదులుతూ ఉండాలి. రూల్సు మారితేనే పెట్టెలు కదులుతాయి.

మన దగ్గర ఐదొందలకో వెయ్యికో దొరికే బిళ్ళకి డాలర్లలో ఫీజు, మెంబర్షిప్పు, రానూ పోనూ ఖర్చు, బీమా. దమ్మిడీ తలకి ఏగాని క్షవరం. (సామెతలో ఒక మాట మార్చాను, పెద్దలు మన్నించాలి.)

ఇక 1794 దగ్గరికే వద్దాం, ఆ ఏడు మా జిల్లా వాళ్ళు మర్చిపోయేది కాదు కనుక. జులై 10న పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యంతో పోరాడి చిన విజయరామరాజు చనిపోయాడు. అదే సంవత్సరం వేసి, ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ దగ్గర మాథ్యూ బౌల్టన్ సోహో టంకశాలలో, ఆవిరి యంత్రాల మీద, ఉత్తర సర్కార్ల కోసం రాగి నాణేలు అచ్చు కొట్టారు. ఆ సర్కార్లలో ఒకటి చికాకోల్, అంటే మన శ్రీకాకుళమే. నాణెం మీద కంపెనీ పేరు, రూపాయికి 48 అని ఇంగ్లీషు రాత. మనవాళ్ళ నోట్లో దానికి అప్పటికే ఒక పేరుంది. డబ్బు. ఇవాళ సొమ్ముకంతటికీ వాడుతున్న ఈ మాట ఒక రాగి బిళ్ళ పేరు, కావాలంటే బ్రౌన్ నిఘంటువు తీసి చూడండి. ఇంగ్లీషు వాడు దాన్ని "డబ్" అని పట్టుకుపోయాడు.

ఈ 1794 డబ్బుల్లో రెండు జాతులున్నాయి. కొన్ని నమూనాల కోసం, బహుమతుల కోసం మెరుగు పెట్టి కొట్టినవి. వాటిని ప్రూఫులంటారు. అవి అక్కడి పెద్దమనుషుల బీరువాల్లో ముఖమల్ గుడ్డ మీద పడుకున్నాయి. రెండో జాతి ఓడెక్కి ఇక్కడికొచ్చింది. ఉప్పు కొంది, పన్ను కట్టింది, చెంగున ముడిపడింది, మట్టికుండలో పడింది, అరిగి అరిగి అక్షరం కనపడకుండా అయింది. ఇప్పుడు ఈ రెండింటినీ గ్రేడింగ్ బల్ల మీద పెట్టండి. బీరువాలో పడుకున్నదానికి 64, 65. పని చేసి వచ్చినదానికి 8, 10, లేదంటే "డీటెయిల్స్". ఇంకో విడ్డూరం. 1809 జనవరిలో అడ్మిరల్ గార్డ్‌నర్ అనే కంపెనీ ఓడ మద్రాసుకి 10 కాసుల, 20 కాసుల రాగి బిళ్ళలు మోసుకొస్తూ ఇంగ్లండ్ తీరంలోనే గుడ్విన్ సాండ్స్ దగ్గర మునిగిపోయింది. 1980ల్లో వాటిని పైకి తీశారు. ఇరవై కాసులంటే ఒక డబ్బు. మన మనిషి ఒక్కడి చెయ్యి కూడా తగలని ఆ డబ్బుల్లో కొన్ని ఇంకా మెరుస్తూనే ఉన్నాయి. కాబట్టి వాటికి మార్కులూ ఎక్కువే. డబ్బు అనేది వాడుక కోసం పుట్టింది. వాడని డబ్బుకి ఫస్ట్ క్లాసు ఇచ్చే కొలబద్దతో మన చరిత్రని కొలిస్తే చివరికి మిగిలేది బర్మింగ్‌హామ్ చరిత్రే.

"డీటెయిల్స్" నేరాల జాబితా ఇంకోసారి చదవండి, ఈసారి మన ఇంట్లో కూర్చుని. క్లీన్డ్. రాగీ ఇత్తడీ కనిపిస్తే మన అమ్మలు చేసే మొదటి పని చింతపండుతో తోమడం, వెండైతే విబూది పెట్టడం. రంగు మారడం. వరలక్ష్మీ వ్రతం కలశంలోనో దేవుడి గూట్లోనో ఏళ్ళ తరబడి పసుపులో కుంకుమలో ఉన్న రూపాయికి రంగు మారక ఏమవుతుంది? మౌంట్ రిమూవ్డ్. అంటే కాసులపేరులోంచి విడదీసింది. అరుగుదల సంగతి సరేసరి. బ్రిటిష్ వాళ్ళు తులం 180 గ్రెయిన్లని స్థిరం చేసి రూపాయినీ అదే తూకానికి కొట్టారు. విక్టోరియా రూపాయి చాలా ఇళ్ళలో తులం రాయి. నరసన్నపేట బంగారం కొట్లలో పాతతరం షరాబులు రూపాయిని బండ మీద వేసి మోత విని వెండి సంగతి చెప్పేవారు. ప్లాస్టిక్ పెట్టెలో పెట్టాక ఆ మోతా ఉండదు, తూకమూ ఉండదు.

హోల్డ్. అంటే చిల్లు. పార్వతీపురం అవతల ఒక సంతలో ముసలామె మెళ్ళో రూపాయల దండ చూసి, నా వెంట వచ్చిన కుర్రాడు ఆగిపోయాడు. ఫోన్ తీసి ఏవో ధరలు చూసి, "అయ్యో మామ్మా, చిల్లులు పెట్టించేశావు, లేకపోతే ఎంత పలికేవో" అన్నాడు. ఆవిడ వాణ్ణి ఎగాదిగా చూసింది. "సిల్లు నేకపోతే మెల్లో ఎలగేసుకుంతాన్రా గుంటడా?"

ఈ రూల్సు ప్రకృతి సిద్ధమైనవి కావనడానికి ఒక్క ఉదాహరణ చాలు. 19వ శతాబ్దం చివర్లో చైనాతో వర్తకం కోసం అమెరికా ట్రేడ్ డాలర్లు వేసింది. అక్కడి షరాబులు వెండి మంచిదో కాదో చూసుకుని వాటి మీద తమ ముద్రలు కొట్టారు. అలా ముద్రలు పడ్డ డాలర్లని గ్రేడింగ్ వాళ్ళు ఒకప్పుడు పాడైనవి అని తిప్పి పంపారు. అమెరికన్ కలెక్టర్లు వాటిని కోరి కొనడం మొదలుపెట్టాక పీసీజీఎస్ మనసు మార్చుకుని, "చాప్ మార్క్" అని రాసి పూర్తి అంకె ఇస్తోంది. అదే దెబ్బ. నిన్న మచ్చ, ఇవాళ చరిత్ర. మరి మన షరాబు ఉలిగాటు ఏం పాపం చేసింది? దాని కోసం వేల డాలర్లు పట్టుకుని అడిగేవాడు లేడు, అంతే పాపం.

సరే, ఖర్చు పెట్టుకుని పంపుదామన్నా పంపలేం. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు. కేంద్ర ప్రభుత్వమో, అది అధికారం ఇచ్చిన సంస్థో తప్ప ఎవరూ దాన్ని దేశం దాటించకూడదు. దాటిస్తే తక్కువలో తక్కువ ఆరు నెలలు, ఎక్కువలో ఎక్కువ మూడేళ్ళు జైలు, పైగా జరిమానా. 1840 విక్టోరియా రూపాయి సంగతి అలా ఉంచండి, రాజుగారి హారంలోని ఏనుగు పందిలా కనబడిందని గొడవైన 1911 రూపాయి కూడా ఇప్పుడు పురావస్తువే. ఈ గీత ఏటా ఒక సంవత్సరం ముందుకు జరుగుతూనే ఉంటుంది. అంటే ఫ్లోరిడాలోనో కాలిఫోర్నియాలోనో అంకె వేయించుకున్న పాత నాణెం, ఎప్పుడో దేశం దాటిపోయినదన్నా అయ్యుండాలి, దొంగదారిన వెళ్ళినదన్నా అయ్యుండాలి. చట్టాన్ని గౌరవించి ఊళ్ళోనే ఉన్న నాణేనికి అంకె లేదు, అంకె లేదు కాబట్టి ధర లేదు, ధర లేదు కాబట్టి దాని గురించి మాట్లాడేవాడూ లేడు. ఆ చట్టం మంచిదే, ఉండాలి. దానికి పొసగని కొలతని తెచ్చి నెత్తిన పెట్టుకున్నది మనమే. ఇంకోటి, భూమిలో దొరికిన నిక్షేపం విలువ పది రూపాయలు దాటితే 1878 చట్టం ప్రకారం చెప్పాల్సింది జిల్లా కలెక్టర్‌కి. నాణేల కలెక్టర్‌కి కాదు. మావాళ్ళలో కొందరికి ఈ తేడా తెలియనట్టే ఉంటుంది.

అంకె ఏం చెప్పదో తెలియాలంటే మా వైపు నాణెమే ఒకటి చూడండి. శ్రీముఖలింగాన్నే కళింగనగరం అని పండితులు ఎక్కువమంది గుర్తించారు. అక్కణ్ణించి ఏలిన తూర్పు గంగులు అర గ్రాము కూడా తూగని బంగారు ఫణాలు వేయించారు. కందిగింజని రేకులా సాగగొట్టినట్టుంటాయి. ఒక పక్క పడుకున్న నంది. ఇంకో పక్క "స" అనే అక్షరం, సంవత్సరం అనడానికి. దాని దగ్గర ఒక అంకె, రాజు ఏలుబడిలో ఎన్నో ఏడో చెప్పడానికి. గంగుల కాలం నుంచి వచ్చిన అంక సంవత్సరాల లెక్క తమాషాగా ఉంటుంది. ఒకటిని వదిలేస్తారు. ఆరుతోనూ సున్నాతోనూ ముగిసేవీ వదిలేస్తారు, పది మాత్రం ఉంచుతారు. అందుకని అంక సంవత్సరం 7 అంటే నిజానికి ఏలుబడిలో ఐదో ఏడు. ఒడియా పంచాంగాల్లో పూరీ గజపతి పేరు మీద ఈ లెక్క ఇప్పటికీ నడుస్తోంది. నాణెం మీద అంకె ఇంత కథ చెప్తుంటే, పెట్టె మీద అంకె మెరుపు ఎంతో చెప్తుంది. ఫణం ఏ పొలంలో దొరికిందో, దాంతోపాటు ఇంకేం దొరికాయో రాయడానికి ఆ చీటీలో గడే లేదు.

"మరి నకిలీల మాటేంటి?" అంటారు. నిజమే, నకిలీలున్నాయి. 1939 రూపాయి అరుదు కాబట్టి ఏడాది అంకె దిద్దినవి తిరుగుతుంటాయి. కొత్తగా వచ్చిన కుర్రాడు మోసపోకుండా ఎవరో ఒకరు చూసి చెప్పాలి. అది అసలా నకిలీయా అనే ప్రశ్న. 63 వేయాలా 64 వేయాలా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. మొదటిది చెప్పడానికి లోహం, తూకం, అచ్చు తెలియాలి. రెండోది ఒక మనిషి ఆ పూటకి పడ్డ అభిప్రాయం. ఈ కంపెనీల తెలివంతా మొదటి ప్రశ్న భయం చూపించి రెండోదానికి డబ్బు వసూలు చేయడంలో ఉంది. పైగా వాళ్ళ పెట్టెలకే నకిలీలొచ్చాయి, జాగ్రత్త అని వాళ్ళే చెప్తున్నారు.

దూరాన ఎవరో పెద్దవాళ్ళు ముద్ర వేస్తేనే విలువ అనే నమ్మకం ఊళ్ళోకి దిగితే ఏమవుతుందో కూడా చూస్తున్నాం. వైష్ణోదేవి బొమ్మున్న ఐదు రూపాయల బిళ్ళకి లక్షలిస్తామని ఫోన్లు. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు, తర్వాత పన్ను, తర్వాత ఫోన్ ఎత్తరు. మా పేరు చెప్పి పాత నోట్లూ నాణేలూ కొంటామనే వాళ్ళని నమ్మొద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటన ఇవ్వాల్సొచ్చింది. అదే బ్యాంకు, పది రూపాయల బిళ్ళ 14 డిజైన్లలో ఉంది, అన్నీ చెల్లుతాయని 2018లో మొత్తుకుంటే మన కిరాణా కొట్లలో దాన్ని తీసుకోరు. చెల్లే బిళ్ళ మీద అనుమానం, చెల్లని బిళ్ళకి లక్షలొస్తాయని నమ్మకం!

"మార్కెట్ అలా ఉంది, మేమేం చేస్తాం, రేపు అమ్మాలంటే స్లాబ్ ఉండాలి కదా" అనే కుర్రాళ్ళతోనే నాకు అసలు గొడవ. నాణేలు కొనడం మొదలుపెట్టిన రోజే అమ్మడం గురించి ఆలోచించేవాడు షేర్లు కొనుక్కోవచ్చు, వాటిని దాచుకోవడానికి బీరువా కూడా అక్కర్లేదు. మా విజయనగరంలో ఒక మాస్టారి దగ్గర నాలుగొందల పైచిలుకు బిళ్ళలున్నాయి. అన్నీ కాగితం కవర్లలో. కవరు మీద పెన్సిల్‌తో తూకం, కొన్న ఊరు, ఇచ్చిన మనిషి వృత్తి, బిళ్ళ మీద ఉన్న ప్రతి గాటూ. ఒక కవరు మీద "చిల్లు కానీ, 1944, పిల్ల మొలతాడుకి కట్టినది" అని ఉంది. ఏ అంకె వేసినా ఆ ఒక్క ముక్క కన్నా ఎక్కువ చెప్పదు. ఆయన తర్వాత ఆ కవర్లు ఎవరికి చేరతాయో ఆయనకే తెలీదు. పిల్లలు హైదరాబాద్‌లో ఉన్నారు, గ్రేడ్ చేయించమని ఫోన్లో చెప్తున్నారు. చేయించడమంటే ముందు కవర్లు చించడమే కదా.

కాబట్టి అమ్మేవాణ్ణి గ్రేడు అడగడం మానేద్దాం. తూకం ఎంత, అంచు ఫోటో ఏది, ఎక్కణ్ణించి వచ్చింది అని అడుగుదాం. చిల్లునీ షరాబు గాటునీ "డ్యామేజ్" అని రాసే డీలరుతో, చిల్లుని చిల్లనీ గాటుని గాటనీ రాయమని చెబుదాం. అసలా నకిలీయా అన్న ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పడానికి, ఏడాదికి రెండుసార్లు శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఏదో ఒక కాలేజీలో కూర్చోవడం మనకి చేతకాని పనా? మిల్లీగ్రాము తూచే చిన్న త్రాసు, భూతద్దం, నీళ్ళలో ముంచి తూచడానికి ఒక గాజు గిన్నె, పాత షరాబు ఒకరు, ఆంధ్రా యూనివర్సిటీలో పురావస్తు శాస్త్రం చదివిన వాళ్ళు ఒకరిద్దరు చాలు. మేం కొందరం హాలు కోసం అడగడం మొదలుపెట్టాం. తేదీ కుదిరాక చెప్తాం. కవర్లున్న వాళ్ళు కవర్లతో రండి. దండలున్న వాళ్ళు దండలతోనే రండి, విప్పకండి.